దేశం లేని విద్వాంసుడు, ఒడంబడికల చరిత్రకారుడు
డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా జీవితం నుంచి మన మొహల్లాలకు కొన్ని పాఠాలు

మన పాతబస్తీలో పెద్దవారు కాలాన్ని రెండు ముక్కలుగా చెప్పుకునేవారు. "పోలీస్ యాక్షన్‌కు ముందు", "పోలీస్ యాక్షన్ తర్వాత" అని. పెళ్ళి ఎప్పుడైందని అడిగినా, ఇల్లు ఎప్పుడు కొన్నారని అడిగినా ఈ లెక్కలోనే జవాబు వచ్చేది. 1948 సెప్టెంబరులో ఐదు రోజులలో ముగిసిన ఆ సైనిక చర్య మన కుటుంబాలలో ఎన్నింటినో ఊరు మార్పించింది. పొలం మార్పించింది, వృత్తి మార్పించింది. అయితే ఆ దెబ్బతో ఏకంగా దేశమే లేకుండా పోయిన హైదరాబాదీ ఒకరున్నారు. ఆయన ఆ తర్వాత యాభై ఏండ్లకు పైగా పరాయిగడ్డ మీద బ్రతికి, మనుషుల మధ్య సంధి ఎట్లా కుదురుతుంది, యుద్ధానికి హద్దులు ఎట్లా ఏర్పడతాయి అనే విషయం మీదనే తన విద్వత్తులో పెద్దభాగం ధారపోసినారు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. మన పిల్లలకు ఈ పేరు తెలియకపోవడం బాధాకరం. అందుకే ఈ నాలుగు మాటలు.

చదువుల ఇంట పుట్టినవాడు

హమీదుల్లా గారు 1908 ఫిబ్రవరి 19న హైదరాబాదులో జన్మించినారు. వారిది నవాయత్ వంశం. తరతరాలుగా ఖాజీలు, ముఫ్తీలు, గ్రంథకర్తలు పుట్టిన ఇల్లు. తాతగారు ఖాజీ బదరుద్దౌలా మద్రాసులో పేరుమోసిన ఆలిమ్. ఇంట్లో దీనీ చదువు, ఆ తర్వాత దారుల్ ఉలూమ్, మన పాతబస్తీ షిబ్లీగంజ్‌లోని జామియా నిజామియా, అటుపిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇదీ ఆయన నడిచిన బాట. 1876లో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ గారు స్థాపించిన నిజామియాలో ఫిఖహ్, హదీసు. 1918లో వెలసిన ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో ఆధునిక న్యాయశాస్త్రం. ఈ రెండు నీళ్ళూ ఒకే మనిషిలో కలిసినవి. ఆ కలయిక లేకపోతే ఆయన చేసిన పని సాధ్యమయ్యేది కాదు.

ఉస్మానియాలో ఎం.ఏ., ఎల్.ఎల్.బి. ముగించి జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి పోయినారు. అక్కడ డాక్టరేటుకు తీసుకున్న అంశం చూడండి: ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత. అంటే ఇద్దరు కొట్లాడుతుంటే మూడోవాడు ఏ పక్షమూ చేరకుండా ఉండే హక్కు, దానికుండే కట్టుబాట్లు. అక్కడ పట్టా పుచ్చుకుని పారిస్ చేరి, సోర్బాన్‌లో రెండవ డాక్టరేటు 1935లో సంపాదించినారు. దాని విషయం ప్రవక్త (స), ఖులఫాయె రాషిదీన్ కాలపు రాయబారాలు, ఒడంబడికలు. గమనించవలసిన సంగతేమంటే, ఆయనకప్పుడు ముప్పై ఏండ్లు కూడా నిండలేదు. హైదరాబాదుకు ఏ ఆపదా రాలేదు. సంధి, తటస్థత, దౌత్యం అనే ఆసక్తి కష్టం వచ్చిన తర్వాత కలిగింది కాదు. అది ముందునుంచీ ఉన్నదే. కష్టం వచ్చినప్పుడు దాన్ని విడువకపోవడమే ఆయన గొప్పతనం.

తిరిగి వచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించినారు. మన హైదరాబాదు నుంచి వెలువడే ఇస్లామిక్ కల్చర్ అనే ఇంగ్లీషు పత్రికలో వ్యాసాలు రాసినారు. అవి పెరిగి పెరిగి "ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్" అనే పుస్తకమైనవి. యుద్ధంలో ఎవరిని ముట్టకూడదు, ఖైదీలను ఎట్లా చూడాలి, రాయబారికి ఏ రక్షణ ఉండాలి, మాట ఇచ్చిన తర్వాత తప్పవచ్చునా అనే ప్రశ్నలకు పాత ఫుఖహా ఏమన్నారో క్రమంగా కూర్చిన గ్రంథమది. ఐరోపా దేశాలు జెనీవా ఒప్పందాలు రాసుకోవడానికి వెయ్యేండ్ల ముందే ఇమామ్ ముహమ్మద్ అష్షైబానీ వంటి వారు ఇటువంటి నియమాలను గ్రంథస్థం చేసినారని లోకానికి సాక్ష్యాధారాలతో చూపిన వారిలో హమీదుల్లా ముందువరుసలో ఉన్నారు.

1948: గది తలుపు మూసుకున్న రోజు

1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వాన ప్రతినిధి వర్గం బయలుదేరింది. న్యాయనిపుణుడుగా హమీదుల్లా గారు ఆ వర్గంలో ఉన్నారు. భద్రతా మండలి ఆ ఏడు పారిస్‌లో సమావేశమైంది. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సరిహద్దు దాటింది. 16న మండలిలో హైదరాబాదు మాట మొదటిసారి వచ్చింది. 17న నిజాం గారు కాల్పులు విరమించినట్టు ప్రకటించినారు. 22న ఫిర్యాదును వాపసు తీసుకున్నట్టు తంతి వెళ్ళింది. అక్కడ పారిస్‌లో కూర్చున్నవారు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఆ రాజ్యమే లేకుండా పోయింది.

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలె. హైదరాబాదు స్వతంత్రంగా ఉండాలని హమీదుల్లా గారు నమ్మినారు. ఆ నమ్మకంతో మనలో చాలామంది ఏకీభవించరు. ఆ రోజులలోనే హైదరాబాదు ముస్లిములలో కూడా వేరు గొంతులుండినవి. 1948 ఆగస్టులో భారత యూనియన్‌లో చేరడమే మేలని కొందరు ముస్లిం ప్రముఖులు ప్రకటన చేసినారు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఆ పక్షాన నిర్భయంగా రాసినందుకు ఆ నెలలోనే హత్యకు గురైనారు. రజాకార్ల దౌర్జన్యానికి తెలంగాణ పల్లెలలో హిందువులు, రైతులు, కమ్యూనిస్టులు బలియైనారు. వేలాదిమంది సరిహద్దులు దాటి శిబిరాలలో తలదాచుకున్నారు. ఇవన్నీ మరచి ఒక వైపు కన్నీళ్ళే లెక్కపెడితే అది చరిత్ర కాదు, వకాలత్ అవుతుంది.

రెండో వైపు కన్నీళ్ళు కూడా తక్కువవి కావు. సైనిక చర్య సమయంలోను, ఆ తర్వాతను మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాలలో ముస్లిముల మీద ఘోరాలు జరిగినవి. భారత ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గార్లతో సద్భావన బృందాన్ని పంపింది. వారు 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగి, చనిపోయినవారు 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా కట్టినారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయినవి. ఆ నివేదికను చాలా దశాబ్దాలు ప్రజలకు చూపలేదు. అదే నివేదికలో మరొక సంగతి కూడా ఉన్నది. తమ తోటి ముస్లిం నేతగాండ్లను కాపాడటానికి హిందూ నేతగాండ్లు అల్లరి మూకలకు అడ్డం నిలిచినారని, కొన్నిచోట్ల అందుకు ప్రాణాలే పోగొట్టుకున్నారని ఆ పెద్దలు రాసినారు. ఒకే మగ్గం కింద కలిసి పనిచేసినవారు ఒకరినొకరు విడువలేదన్న మాట. ఈ సంగతి మళ్ళీ మనకు పనికి వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆ జిల్లాల నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు మన హైదరాబాదు చేరినవి. అంతకు ముందు 1947లోనే మధ్యపరగణాలు, బొంబాయి రాష్ట్రం వైపు నుంచి భయపడి వచ్చినవారు వేరే. ఈ నగరం శరణార్థుల నగరం కూడా అని మనం మరువరాదు.

నాలుగు గోడల నడుమ నిరాశ్రయుడు

హమీదుల్లా గారు మళ్ళీ హైదరాబాదులో నివసించలేదు. కొంతకాలం కరాచీ వెళ్ళి పాకిస్తాన్ రాజ్యాంగ రచనకు సలహాలిచ్చే ఉలమా బోర్డులో పనిచేసి, అక్కడ నిలువక పారిస్ తిరిగి వచ్చినారు. ఫ్రాన్సులో శరణార్థి హోదాతోనే ఉండిపోయినారు. పాకిస్తాన్ పౌరసత్వం తీసుకోలేదు, ఫ్రెంచి పౌరసత్వమూ తీసుకోలేదు. పెళ్ళి చేసుకోలేదు. చిన్న ఇంట్లో ఉంటూ తన వంట తానే చేసుకునేవారు. 1954 నుంచి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ శాస్త్ర పరిశోధన కేంద్రంలో పనిచేసినారు. ఇస్తాంబుల్ తదితర టర్కీ విశ్వవిద్యాలయాలకు చాలా ఏండ్లు అతిథి ఆచార్యుడుగా పోయి వచ్చేవారు.

ఒక్కసారి ఆలోచించండి. రాజ్యం పోయింది, ఉద్యోగం పోయింది, ఊరు పోయింది. అట్టి మనిషికి కోపం రావడం సహజం. ఆ కోపాన్నే పెట్టుబడిగా పెట్టి జీవితమంతా పగ పాఠాలు చెప్పినవారు లోకంలో తక్కువేమీ లేరు. హమీదుల్లా గారు హైదరాబాదు విషయంలో తన అభిప్రాయం మార్చుకోలేదు. కాని కలం పట్టినప్పుడు రాసింది వేరు. ప్రవక్త (స) కాలపు ఒడంబడికలు, లేఖలు, రాయబారాలు వెతికి వెతికి అచ్చువేయించినారు. డమాస్కస్, బెర్లిన్ గ్రంథాలయాలలో మరుగునపడిన హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ హదీసు సంకలనాన్ని వెలికి తీసినారు. 1959లో ఖుర్ఆన్‌కు ఫ్రెంచి అనువాదం, అదే ఏడు రెండు సంపుటాల సీరత్ గ్రంథం వెలువరించినారు. వృద్ధాప్యంలో కూడా షైబానీ గారి అంతర్జాతీయ న్యాయగ్రంథానికి సర్ఖసీ రాసిన వ్యాఖ్యానాన్ని ఫ్రెంచిలోకి తెచ్చినారు. ఉర్దూ, అరబీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, టర్కీ భాషలలో ఆయన కలం నడిచింది. 1980లో బహావల్‌పూర్‌లో ఇచ్చిన 12 ఉపన్యాసాలు ఉర్దూ తెలిసిన ఇండ్లలో నేటికీ చదువుతున్నారు. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం ఇచ్చిన బిరుదుతో వచ్చిన డబ్బును ఇస్లామాబాదులోని పరిశోధన సంస్థకే ఇచ్చివేసినారు.

1996లో జబ్బుపడగా బంధువులు అమెరికా తీసుకువెళ్ళినారు. 2002 డిసెంబరు 17న ఫ్లోరిడా రాష్ట్రంలో కన్నుమూసినారు.

ఒక ముహాజిర్ రాసిన ఒప్పందం

హమీదుల్లా గారు జీవితంలో పదేపదే తిరిగి వచ్చిన విషయం మదీనా ఒడంబడిక. దాన్ని ప్రపంచంలోనే మొట్టమొదటి లిఖిత రాజ్యాంగం అని ఆయన పేరుపెట్టినారు. ఈ మాటను ఒప్పుకోని పండితులున్నారు. ఆ పేరు సంగతి ఎట్లా ఉన్నా, ఒప్పందంలోని విషయం మాత్రం నేటి శాంతి కార్యకర్తలు కూర్చుని చదువదగినది.

క్రీ.శ. 622లో ప్రవక్త (స) మక్కా విడిచి యస్రిబ్ చేరినప్పుడు ఆయన స్వయంగా ముహాజిర్. అంటే ఇల్లు వాకిలి వదిలి వచ్చినవారు. ఆ ఊరు కూడా శాంతంగా లేదు. ఔస్, ఖజ్రజ్ తెగలు తరాల తరబడి కొట్లాడుకుని, ఐదారేండ్ల క్రితమే బుఆస్ యుద్ధంలో నాయకులను పోగొట్టుకున్నవి. యూదు తెగలు కొన్ని ఒకవైపు, కొన్ని మరొకవైపు. అప్పటి మదీనా జనాభా సుమారు 10,000 అని, అందులో ముస్లిములు కొద్దిమందేనని హమీదుల్లా గారి అంచనా. అట్టి ఊరిలో చేసిన పనులు వరుసగా చూడండి.

మొదటిది, వచ్చినవారికి బ్రతుకుతెరువు. ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీ ఇంటికి సోదరుడుగా జతచేసినారు. బిచ్చం పెట్టలేదు, భాగస్వామ్యం ఇచ్చినారు. రెండవది, ఒప్పందాన్ని కాగితం మీద పెట్టడం. పండితులు దాన్ని 47 నిబంధనలుగా లెక్కించినారు. ప్రతి తెగ తనవారి రక్తధనం, విడుదల ధనం తానే భరించాలె. యూదులకు వారి ధర్మం, ముస్లిములకు వారి ధర్మం. ఊరి రక్షణలో అందరిదీ ఒకే జట్టు. నేరం చేసినవాడు తనవాడైనా కాపాడరాదు. ఆ లోయ అంతా పవిత్ర క్షేత్రం, అక్కడ నెత్తురు చిందరాదు. తగాదా ముదిరితే ఎవరికి నివేదించాలో ముందే రాసుకున్నారు.

ఇందులో కిటుకు చివరి మాటలోనే ఉన్నది. తగాదా రాదని ఎవరూ రాసుకోలేదు. వస్తే ఏ గడప తొక్కాలో రాసుకున్నారు. ఆ ఒప్పందం తర్వాత అన్నీ సాఫీగా సాగలేదన్నదీ చరిత్రే. యుద్ధాలు జరిగినవి, కొన్ని తెగలతో తెగతెంపులైనవి. ఐనా పగకు పగ తప్ప మరో దారి ఎరుగని ఊరికి, కూర్చుని తీర్పు తీసుకునే పద్ధతి మొదటిసారి వచ్చింది.

క్రీ.శ. 628లో జరిగిన హుదైబియా సంధిని కూడా హమీదుల్లా గారు దౌత్యపాఠంగా చూపుతారు. పదేండ్ల యుద్ధవిరమణ కోసం ప్రవక్త (స) తన పేరు పక్కనున్న బిరుదును సైతం చెరిపివేయించుకున్నారు. ఆ ఏడు మక్కా దర్శనం లేకుండానే వెనుదిరిగినారు. వెంట ఉన్నవారిలో చాలామందికి అది అవమానంగా తోచింది. రెండేండ్లు తిరగకుండానే మక్కా దాదాపు నెత్తురు చిందకుండా చేతికి వచ్చింది, పాత శత్రువులకు క్షమాభిక్ష దొరికింది. ఒక మెట్టు దిగడం ఓటమి కాదని ఆ సంధి చెబుతున్నది.

మన గల్లీల లెక్క

ఇక మన సంగతికి వద్దాం. 1978 నుంచి 1984 వరకు పాతబస్తీలో కొట్లాట లేని ఏడు దాదాపు లేదు. కర్ఫ్యూ అంటే ఏమిటో ఆనాటి తల్లులను అడగండి. పాలు లేవు, మందు లేదు, రోజుకూలీ లేదు. 1990 డిసెంబరులో వందకు పైగా ప్రాణాలు పోయినవి, రెండు వైపులా. అశుతోష్ వార్ష్‌నేయ్ అనే పరిశోధకుడు 1950 నుంచి 1995 వరకు దేశంలోని మతకల్లోలాల లెక్క తీసి, మరణాలలో సుమారు సగం 8 నగరాలలోనే జరిగినవని చూపినారు. ఆ ఎనిమిదింటిలో మన హైదరాబాదు ఒకటి. శాంతంగా ఉన్న ఊర్లకు, ఉడికిపోయే ఊర్లకు తేడా ఏమిటని వెతికితే ఆయనకు దొరికిన జవాబు ఇది: వ్యాపార సంఘాలలో, కార్మిక సంఘాలలో, వృత్తులలో రెండు మతాలవారు కలిసి పనిచేసే చోట పుకారు వచ్చినా నిలువదు. కలిసి పనిచేయని చోట చిన్న నిప్పురవ్వ చాలు.

సుందర్‌లాల్ గారి బృందం 1948లో నేతగాండ్ల గురించి రాసిన మాట, వార్ష్‌నేయ్ గారు 2002లో అచ్చువేసిన మాట, మదీనా ఒడంబడిక మాట ఒకటే. పండుగనాడు కౌగిలించుకుంటే సరిపోదు. రోజూ కలిసి చేసే పని, ముందే కుదుర్చుకున్న కట్టుబాటు ఉండాలె.

మన నగరంలో అటువంటి ప్రయత్నాలు జరగకపోలేదు. 1980లలో హైదరాబాద్ ఏక్తా అనే సంఘం అల్లర్ల మధ్యనే శాంతి కోసం నిలిచింది. 1990ల మధ్య నుంచి కోవా అనే స్వచ్ఛంద సంఘాల సమాఖ్య పాతబస్తీలో రెండు మతాల స్త్రీలను కుట్టుపని, చేతిపనుల సహకారంలో ఒకచోట చేర్చింది. ఆ సంస్థే తర్వాత కాలంలో బర్మా నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చి బాలాపూర్ వైపు గుడిసెలలో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలకు చేయూతనిచ్చింది. ఇటీవలి మాట కూడా చెప్పుకుందాం. 2023లో మీలాద్, గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే పడినవి. మీలాద్ జులూస్ పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. 2024లోనూ రెండు పండుగలు దగ్గర దగ్గరగా వస్తే జులూస్‌ను సెప్టెంబరు 19కి జరుపుకున్నారు. ఎవరి గౌరవమూ తగ్గలేదు. హుదైబియా పాఠం పుస్తకాలలోనే ఉండిపోలేదని ఇదొక రుజువు.

హమీదుల్లా గారు మన గల్లీలలో తిరిగి కొట్లాటలు ఆపినవారు కారు. పారిస్‌లో కూర్చుని రాసుకున్న పండితుడు మాత్రమే. కత్తి ఎత్తినవాడి చేయి పుస్తకం పట్టుకోదు, నిజమే. కాని కత్తి దిగిన మరునాడు పంచాయితీలో కూర్చునే బుజుర్గులకు ఏదో ఒక ఆధారం కావాలె. మా ధర్మం మాకిదే చెప్పిందని ధైర్యంగా అనగలగాలె. ఆ ఆధారాన్ని సాక్ష్యాలతో సహా మన చేతికి ఇచ్చి పోయినారాయన.

సభ్యులకు, వారి కుటుంబాలకు ఒక విన్నపం. 1948ని కళ్ళారా చూసిన పెద్దలు చాలా కొద్దిమందే మిగిలినారు. వారి దగ్గర కూర్చుని ఆ మాటలు రాసి పెట్టండి. ఎవరు ఇల్లు తగలబెట్టినారో రాయండి. ఎవరు ఇంట్లో దాచుకున్నారో, ఎవరు అర్ధరాత్రి బండి కట్టి రైలుస్టేషను దాకా దిగబెట్టినారో అదీ తప్పక రాయండి. సగం మాట రాస్తే పిల్లలకు పగ వారసత్వంగా పోతుంది. మొత్తం మాట రాస్తే బుద్ధి వారసత్వంగా పోతుంది. అట్లాగే ప్రతి మొహల్లా కమిటీ తన పక్క బస్తీ పెద్దలతో కూర్చుని, పండుగ ముందే ఊరేగింపు దారి, వేళ, మైకు, తగాదా వస్తే పిలువవలసిన ఇద్దరు మనుషుల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని రెండు వైపులా సంతకాలు చేసుకుంటే మంచిది. నలభై ఏడు నిబంధనలు అక్కరలేదు, నాలుగు చాలు.